దాణాలో పోసిన నూనె మాంసంలో ఏమవుతుంది? పశువు కొవ్వు మార్చాలంటే ఏం చేయాలి?

ఒకే పశువు నుంచి రెండు చోట్ల కొవ్వు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మూత్రపిండాల చుట్టూ ఉండేది తెల్లగా, గట్టిగా ఉంటుంది. గోటితో గీరితే పొడిపొడిగా రాలుతుంది. కాలి ఎముకలు, గిట్టలు ఉడికించి తీసినది మాత్రం మామూలు గది వేడిలో నూనెలాగే కారుతుంది. తోలు మెత్తబడటానికి రాసేది దాన్నే. రెండూ ఒకే మేత తిన్న ఒకే పశువువి.

కొవ్వు ఎలా ఉండాలో దాణా ఒక్కటే తేల్చదని చెప్పడానికే ఇక్కడ మొదలుపెట్టాను. నూనె పోస్తే అది నేరుగా మాంసంలోకి వెళ్తుందనుకుని రంగంలోకి దిగేవాళ్లే ఎక్కువ. నేనూ అలాగే దిగాను. తవుడులో పొద్దుతిరుగుడు నూనె చేతివాటంగా కలిపి నాలుగు కోడెలకు పెట్టాను. మూడో రోజుకి దాణా తొట్టి నాకేశాయి కానీ గడ్డి ముట్టలేదు. పేడ పలచబడి, దాని మీద జిడ్డు మెరుస్తూ కనిపించింది. కొవ్వు మారడం సంగతి దేవుడెరుగు, బరువు పెరగడమే ఆగిపోయింది. ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కావాలంటే పెద్దపొట్టలోకి ఓసారి తొంగిచూడాలి.

పెద్దపొట్టలో జరిగేది

పందికో కోడికో సోయా నూనె పెడితే, కొన్ని వారాల్లో వాటి కొవ్వు కూడా ఆ నూనె తీరులోకి వచ్చేస్తుంది. వాటి పొట్టలో నూనెను మార్చేవాళ్లెవరూ లేరు. నెమరు వేసే పశువు అలా కాదు. నోట్లోంచి దిగిన ప్రతి ముద్దా ముందు పెద్దపొట్టలో, అంటే రూమెన్‌లో, కోటానుకోట్ల సూక్ష్మజీవుల చేతుల్లో పడుతుంది. నూనెల్లోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు, అంటే ఇంకా హైడ్రోజన్ పట్టే చోటున్నవి, ఆ జీవులకు ఒకరకంగా విషం. అందుకే అవి ముందు నూనెను విడగొట్టి, ఆ ఆమ్లాల్లో ఉన్న ద్విబంధాలకు హైడ్రోజన్ అతికించి, వాటిని సంతృప్తంగా మార్చేస్తాయి. వనస్పతి ఫ్యాక్టరీలో నికెల్ సాయంతో, బాగా వేడి చేసి చేసే పని ఇది. పశువు పొట్టలో 39 డిగ్రీల దగ్గర రాత్రింబవళ్లు దానంతట అదే జరిగిపోతుంది.

ఎంత మేరకు జరుగుతుందంటే, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు లాంటి వాటిలో ఎక్కువగా ఉండే లినోలెయిక్ ఆమ్లంలో (ఇది ఒమేగా-6 రకం) 70 నుంచి 95 శాతం వరకు అక్కడే మారిపోతుంది. పచ్చిగడ్డిలోనూ అవిసెలోనూ ఎక్కువగా ఉండే లినోలెనిక్ ఆమ్లంలో (ఇది ఒమేగా-3 రకం) 85 శాతం నుంచి దాదాపు అంతా పోతుంది. చివరికి తేలేది స్టియరిక్ ఆమ్లం. లినోలెయిక్ సున్నాకి 5 డిగ్రీలు దిగువన కూడా ద్రవంగానే ఉంటుంది. స్టియరిక్ కరగాలంటే 69 డిగ్రీలు కావాలి. పశువు కొవ్వు గట్టిదనానికి మూలం ఇదే.

అయితే కథ అక్కడితో ఆగదు. పేగుల నుంచి రక్తంలోకి వెళ్లిన స్టియరిక్‌లో కొంత భాగాన్ని పశువు కొవ్వు కణాలు మళ్లీ తిరగేస్తాయి. డెసాచురేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక ద్విబంధం తిరిగి పెట్టి ఓలెయిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఓలెయిక్ 13 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అందుకే బీఫ్ కొవ్వులో అన్నిటికన్నా పెద్ద వాటా ఓలెయిక్‌దే, సుమారు 35 నుంచి 45 శాతం. తర్వాత పామిటిక్ అనే సంతృప్త ఆమ్లం నాలుగో వంతు, ఆ తర్వాత స్టియరిక్ 12 నుంచి 20 శాతం. లినోలెయిక్ రెండు మూడు శాతం, లినోలెనిక్ సాధారణంగా 1 శాతం లోపే. మొదట చెప్పిన తేడా కూడా ఈ ఎంజైమ్ పనే చాలావరకు. చల్లగా ఉండే కాలి చివర్లలో కొవ్వు ద్రవంగా ఉండాలి, లేకపోతే గడ్డకట్టిపోతుంది. వెచ్చగా ఉండే లోపలి భాగంలో ఆ అవసరం లేదు.

కాబట్టి మన చేతిలో ఉన్న మీటలు మూడు. పెద్దపొట్టను తప్పించుకుని ఎంత నూనె కిందికి వెళ్తుందన్నది ఒకటి. మార్పు సగంలో ఆగినప్పుడు ఏ మధ్యరకం ఆమ్లాలు మిగులుతాయన్నది రెండోది. ఆ ఎంజైమ్ ఎంత చురుగ్గా పనిచేస్తుందన్నది మూడోది. దాణాతో చేసే ఏ మార్పైనా ఈ మూడింటిలో ఒకదాని ద్వారానే పనిచేస్తుంది.

మీకు కావలసిందేమిటో ముందు తేల్చుకోండి

"మంచి కొవ్వు" అని ఒకటి లేదు. ఒమేగా-3 పెరగాలా, సీఎల్ఏ (లినోలెయిక్ కొంచెం రూపు మారగా వచ్చే కొవ్వు ఆమ్లం) పెరగాలా, కొవ్వు మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా అన్నది ముందే రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఇవి ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి.

ఒక ఉదాహరణ. పచ్చిమేత మీదే పెరిగిన పశువు మాంసంలో ఒమేగా-3 ఎక్కువ. ఒమేగా-6కీ 3కీ మధ్య నిష్పత్తి 2 చుట్టుపక్కలే ఉంటుంది. గింజల దాణా మీద బలిపించిన పశువులో ఆ నిష్పత్తి 7 దాటి పోవచ్చు. ఇంతవరకు చాలామందికి తెలుసు. కానీ గడ్డి మీద పెరిగిన పశువు కొవ్వు చాలాసార్లు ఎక్కువ గట్టిగా కూడా ఉంటుంది. అందులో స్టియరిక్ వాటా ఎక్కువ, ఓలెయిక్ తక్కువ. గింజల్లోని పిండి పదార్థం ఎక్కువ శక్తినిచ్చి, పశువు బాగా కొవ్వెక్కి, ఆ ఎంజైమ్ జోరందుకున్నప్పుడే ఓలెయిక్ పెరిగి కొవ్వు మెత్తబడుతుంది. "గడ్డి తింటే కొవ్వు మెత్తబడుతుంది" అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పడం న్యాయం. ఎంత తంటాలు పడినా మొత్తం సంతృప్త కొవ్వు వాటా మారేది కొద్ది శాతాలే. వంద గ్రాముల మాంసంలో ఒమేగా-3 రెట్టింపైనా అది పదుల మిల్లీగ్రాముల లెక్కే. చేపతో పోటీ పెట్టుకోవద్దు.

ఇప్పటికే ఎంత కొవ్వు పెడుతున్నారో లెక్క కట్టండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నేను తప్పు చేసిందీ ఇక్కడే.

మొత్తం మేతలో కొవ్వు, నీరు పోగా మిగిలే పొడి పదార్థంలో 6 శాతం దాటకూడదు. దాటితే నార జీర్ణం చేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, పశువు గడ్డి తినడం తగ్గిస్తుంది. 5 దగ్గర ఆగితే మనసుకు నిమ్మళంగా ఉంటుంది.

320 కిలోల కోడె రోజుకు తన బరువులో రెండున్నర శాతం, అంటే 8 కిలోల పొడి పదార్థం తింటుందనుకుందాం. అందులో 5 కిలోలు మేత, 3 కిలోలు దాణా. మేతలో కొవ్వు 2 శాతం అయితే 100 గ్రాములు. దాణాలో 4 శాతం అయితే 120 గ్రాములు. మొత్తం 220 గ్రాములు, అంటే 2.75 శాతం. 5 శాతం అంటే 400 గ్రాములు. కాబట్టి ఇంకో 180 గ్రాముల నూనెకే చోటుంది. ఒక చిన్న గ్లాసుడు. నేను మొదటిసారి పోసినది దీనికి రెండింతలైనా ఉండి ఉంటుంది.

ఆ 180 గ్రాములను అవిసె గింజల రూపంలో ఇస్తే, గింజలో సుమారు 40 శాతం నూనె కాబట్టి 450 గ్రాముల గింజలు కావాలి. ఆ గింజలను ఉన్న దాణా మీద అదనంగా కుమ్మరించకండి. అంతే బరువు పాత దాణా తగ్గించి, బదులుగా పెట్టండి. అవిసె నూనెలో సగానికి పైగా లినోలెనిక్, కాబట్టి సుమారు 100 గ్రాముల లినోలెనిక్ పొట్టలోకి దిగింది. అందులో 90 శాతం పెద్దపొట్టలో మారిపోతే కిందికి దిగేది 10 గ్రాములు. ఈ పది గ్రాములను పదిహేనో ఇరవయ్యో చేయడమే మిగతా పనంతా.

మీ తవుడు, నూనె తీసిన చెక్క, పత్తి గింజల్లో కొవ్వెంతో తెలియకపోతే లేబొరేటరీలో ఒకసారి పరీక్ష చేయించుకోండి. మరలో పిండిన చెక్కలో నూనె మిగులుతుంది. సాల్వెంట్‌తో, అంటే నూనెను కరిగించే రసాయనంతో, తీసిన చెక్కలో 1 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి.

ఏ నూనె గింజ?

ఒమేగా-3 కావాలంటే ముందు పచ్చిగడ్డి, తర్వాత అవిసె. లేత గడ్డిలో కొవ్వు తక్కువే, పొడి పదార్థంలో మూడు శాతం లోపే. కానీ ఉన్న కొవ్వు ఆమ్లాల్లో సగానికి పైగా లినోలెనిక్. పశువు రోజంతా తింటుంది కాబట్టి ఆ కొంచెమే పోగవుతుంది. ఎండలో ఆరబెట్టిన గడ్డిలో ఆ లినోలెనిక్ చాలావరకు గాలికీ ఎండకూ పాడైపోతుంది, ఆకు రాలిపోతే ఇంకా పోతుంది. కోసిన వెంటనే గాలి చొరకుండా పాతర వేసిన సైలేజ్‌లో నష్టం తక్కువ.

పొద్దుతిరుగుడు, సోయా గింజలు లినోలెయిక్ ఎక్కువగా ఇస్తాయి. వాటితో ఒమేగా-6 కొద్దిగా పెరుగుతుంది కానీ అసలు లాభం మధ్యరకం ఆమ్లాల్లో. లినోలెయిక్ స్టియరిక్‌గా మారే దారిలో ముందు సీఎల్ఏ, తర్వాత వ్యాక్సినిక్ ఆమ్లం ఏర్పడతాయి. వ్యాక్సినిక్ దగ్గర మార్పు కొంచెం నెమ్మదిస్తుంది కాబట్టి అది పోగుపడి కిందికి దిగుతుంది. అప్పుడు మళ్లీ ఆ డెసాచురేజే దాన్ని సీఎల్ఏగా మారుస్తుంది. మాంసంలో కనిపించే సీఎల్ఏలో ఎక్కువ భాగం ఇలా పశువు ఒంట్లో తయారైనదే. అయినా మొత్తం కొవ్వులో అది 1 శాతం చుట్టుపక్కలే, తరచూ అంతకన్నా తక్కువే.

పత్తి గింజల సంగతి విడిగా చెప్పాలి. వాటి నూనెలోనూ లినోలెయిక్ సగానికి పైగానే ఉంటుంది. లెక్క ప్రకారం కొవ్వు మెత్తబడాలి కదా? తిరగబడుతుంది. పత్తి గింజల్లో స్టెర్క్యులిక్, మాల్వాలిక్ అని రెండు విచిత్రమైన ఆమ్లాలు కొద్ది మోతాదులో ఉంటాయి. అవి డెసాచురేజ్‌ను కట్టేస్తాయి. దాంతో స్టియరిక్, ఓలెయిక్‌గా మారకుండా అలాగే మిగిలిపోయి కొవ్వు గట్టిపడుతుంది. గట్టి కొవ్వు కావాలనుకునేవాళ్లకు ఇది వరం, మెత్తగా కావాలనుకునేవాళ్లకు శాపం. దాణాలో పత్తి గింజలుండి "కొవ్వెందుకు మైనంలా ఉంది" అని తల పట్టుకుంటున్నవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. పైగా వాటిలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. ఎదిగిన పశువులు మితంగా తింటే తట్టుకుంటాయి. మొత్తం మేతలో 15 శాతం దాటనివ్వొద్దు. పాలు తాగే దూడల జోలికి అసలు పోనివ్వొద్దు.

తవుడులో నూనె 15 శాతం దాకా ఉంటుంది, ఓలెయిక్, లినోలెయిక్ రెండూ ఉంటాయి. మంచిదే, కానీ మిల్లు నుంచి వచ్చిన కొద్ది రోజుల్లోనే ముక్కవాసన పట్టేస్తుంది. పామాయిల్ రకాల్లో పామిటిక్ నలభై శాతం పైనే. బరువు పెంచడానికి పనికొస్తాయి, కొవ్వు మెత్తబరచడానికి పనికిరావు. చేప నూనె కొంచెం పెట్టినా వ్యాక్సినిక్ బాగా పోగుపడుతుంది, ఎందుకంటే అది మార్పులో ఆఖరి మెట్టును అడ్డుకుంటుంది. కానీ పశువు తిండి తగ్గించేస్తుంది, మాంసానికి నీచువాసన వచ్చే ప్రమాదం కూడా ఉంది. నేనైతే దాన్ని పక్కన పెడతాను. పశువుల మాంసం, ఎముకల పొడులను తిరిగి పశువులకే పెట్టడాన్ని మ్యాడ్ కౌ వ్యాధి వచ్చాక చాలా దేశాల్లో నిషేధించారు. జంతు కొవ్వు దాణాలో వాడాలనుకుంటే ముందు మీ దగ్గరి నిబంధన చూసుకోండి.

గింజగానా, నూరా, నూనెగానా?

ఒకే నూనెను మూడు రూపాల్లో పెడితే మూడు ఫలితాలొస్తాయి. విడి నూనె అన్నిటికన్నా త్వరగా సూక్ష్మజీవులకు చిక్కుతుంది, వాటిని త్వరగా చంపేది కూడా అదే. గింజ లోపల ఉన్న నూనె మెల్లగా బయటికొస్తుంది కాబట్టి పొట్టకు సుఖం, కిందికి దిగే వాటా కూడా కాస్త ఎక్కువ. కానీ అవిసె లాంటి నున్నటి చిన్న గింజలను పశువు సరిగ్గా నమలదు. నలగకుండా పెడితే కొన్ని ఉన్నవి ఉన్నట్టే పేడలో బయటపడతాయి.

ఇది ఊహ కాదు, మీరే చూడొచ్చు. కొత్త దాణా మొదలుపెట్టిన వారం తర్వాత రెండు గుప్పిళ్ల పేడ తీసుకుని, టీ వడపోసేదాని కన్నా కాస్త పెద్ద రంధ్రాల జల్లెడలో వేసి, కుళాయి కింద వేళ్లతో కదుపుతూ కడగండి. పచ్చటి నీళ్లు పోయి నార, పొట్టు మిగులుతాయి. వాటి మధ్య గోధుమరంగులో మెరిసే గింజలు కనబడితే వేలితో నొక్కి చూడండి. ఖాళీ పొట్టు అయితే చప్పున నలిగిపోతుంది. లోపల పప్పుంటే గట్టిగా తగులుతుంది. గట్టివి పదీ పదిహేనూ దొరికాయంటే మీ డబ్బు పేడకుప్పలోకి పోతున్నట్టు. అవిసెను రవ్వలా మరీ మెత్తగా కాకుండా, గింజ రెండు మూడు ముక్కలయ్యేలా పగలగొట్టిస్తే చాలు. పగలగొట్టాక నిల్వ పెట్టకండి, నూనెకు గాలి తగిలి చెడిపోతుంది. నానబెట్టి వదిలేయడం అంతకన్నా ప్రమాదం. అవిసెలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంది, తడిలో అది పనిచేయడం మొదలుపెడుతుంది. పత్తి గింజలకు ఈ పగలగొట్టే బాధ లేదు. పైన నూగు ఉండటం వల్ల అవి పెద్దపొట్టలో తేలి, మళ్లీ నెమరుకు వస్తాయి.

పెద్దపొట్టను దాటించడానికి తయారుచేసిన నూనెలూ ఉన్నాయి. అందరికీ దొరికేది కాల్షియం సబ్బు రూపంలో ఉండే కొవ్వు, బైపాస్ ఫ్యాట్ అంటారు. పెద్దపొట్టలో అది విడిపోదు, అసలు జీర్ణకోశంలోని ఆమ్లం తగిలాకే విడిపోతుంది. ఇక్కడ రెండు మెలికలు. ఒకటి, మార్కెట్లో ఉన్నది ఎక్కువగా పామాయిల్‌తో చేసిందే, అంటే మీరు జాగ్రత్తగా దాటించేది పామిటిక్‌ను. రెండు, పొట్టలో పుల్లదనం పెరిగి పీహెచ్ 6 కన్నా తగ్గితే సబ్బు అక్కడే విడిపోతుంది. అసంతృప్త నూనెలతో చేసిన సబ్బులు ఇంకా త్వరగా విడిపోతాయి.

నిజంగా గట్టి రక్షణ కనిపెట్టింది 1970 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు. నూనె బొట్లను పాల ప్రొటీన్‌తో చుట్టి, ఆ చుట్టును ఫార్మాల్డిహైడ్‌తో బిగించారు. అలాంటి దాణా తిన్న పశువుల కొవ్వులో లినోలెయిక్ కొన్ని రెట్లు పెరిగింది. పెరిగి ఊరుకోలేదు, కొవ్వు మెత్తగా జిడ్డుగా తయారై, త్వరగా చెడు రుచి పట్టింది. ఇంట్లో చేయాల్సిన పని కాదిది, ఫార్మాల్డిహైడ్‌తో ఆటలొద్దు. కానీ ఆ ప్రయోగంలో ఒక హెచ్చరిక ఉంది. గెలిస్తే ఇంకో సమస్య మొదలవుతుంది, దాని గురించి కిందే చెబుతాను.

మెల్లగా మొదలుపెట్టి, పొట్టను కాచుకోండి

మొదటి వారం రోజుకు 100 గ్రాముల గింజలతో మొదలుపెట్టి, మూడు వారాల్లో పూర్తి మోతాదుకు చేరండి. ఒకే పూట కాకుండా రెండు మూడు పూటలు పంచండి. ముందు గడ్డి, తర్వాత దాణా. కొవ్వు పొట్టలో కాల్షియంను, మెగ్నీషియంను పట్టేసి సబ్బుగా మారుతుంది కాబట్టి ఖనిజ మిశ్రమం ఎప్పటికన్నా కొంచెం పెంచాలి. ఎంతన్నది పశువుల డాక్టర్‌ని అడిగి చేయండి.

పీహెచ్ గురించి మళ్లీ చెప్పక తప్పదు. పిండి దాణా ఎక్కువై, నార తక్కువై పొట్ట పులిస్తే నూనె మార్పు దారి మళ్లుతుంది. వ్యాక్సినిక్ బదులు ట్రాన్స్-10 అనే ఇంకో రకం ట్రాన్స్ కొవ్వు పోగుపడుతుంది. వ్యాక్సినిక్‌లాగా అది సీఎల్ఏగా మారదు, మనకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఒకే అవిసె గింజలు మేత ఎక్కువున్న పశువుకు పెట్టినప్పుడు వచ్చే ఫలితం, దాణా మీదే నడిచే పశువుకు పెట్టినప్పుడు రాకపోవడానికి కారణం ఇదే. పీహెచ్ కొలిచే సాధనం లేకపోయినా కళ్లున్నాయి కదా. మేత తిన్న రెండు మూడు గంటలకు కొట్టంలోకి వెళ్లి చూడండి. పడుకున్న పశువుల్లో సగానికి పైగా నెమరు వేస్తూ ఉండాలి. అంతకన్నా తక్కువుంటే, పేడ పలచబడి బుడగలు కనిపిస్తే, నూనె కాదు, ముందు పిండి దాణా తగ్గించండి.

విటమిన్-ఇ, రోజులు

అసంతృప్త ఆమ్లాలు పెరిగిన మాంసం గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. ఎర్రటి రంగు గోధుమరంగుకి తిరుగుతుంది, కొవ్వుకి పాత నూనె వాసన వస్తుంది. పచ్చిగడ్డి తినే పశువుకు విటమిన్-ఇ గడ్డిలోనే దొరుకుతుంది. ఎండుమేత, దాణా మీద ఉన్నదానికి పెద్దగా దొరకదు. ఆఖరి వంద రోజులు పశువుకు రోజుకు 500 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్) విటమిన్-ఇ ఇవ్వడం చాలాచోట్ల పాటించే పద్ధతి. నూనె పెంచి ఇది మానేస్తే చేసిన పని సగం వృథా.

పచ్చిగడ్డి వల్ల కొవ్వు పసుపు రంగుకు తిరుగుతుంది, అది బీటా కెరోటిన్. దానికీ కొవ్వు మెత్తదనానికీ సంబంధం లేదు, చూసి కంగారు పడకండి.

ఎన్ని రోజులు పెట్టాలి? కండరాల కణ పొరల్లోని ఫాస్ఫోలిపిడ్లు, అంటే ఆ పొరలను కట్టే కొవ్వులు, త్వరగా మారతాయి. అసంతృప్త ఆమ్లాలు ముందు చేరేది వాటిలోకే. చర్మం కింద, కండల మధ్య నిల్వ ఉన్న కొవ్వు నెమ్మదిగా మారుతుంది, పాత కొవ్వు మీద కొత్త కొవ్వు చేరుతూ పోవాలి. కోతకు ముందు కనీసం 90 రోజులు కొత్త దాణా నడవాలి. 30 రోజులు పెట్టి ఫలితం లేదనుకోవడం తొందరపాటే. గడ్డి మీద పెరిగిన పశువును ఆఖరి మూడు నెలలు గింజల దాణా మీదికి మారిస్తే, సంపాదించిన ఒమేగా-3 రోజురోజుకీ తరిగిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

మారిందో లేదో ఇంట్లోనే కొలవండి

సరైన పరీక్ష గ్యాస్ క్రోమాటోగ్రఫీ. ఏ ఆమ్లం ఎంత శాతమో అదే చెప్పగలదు, ఒమేగా-3 మీ లక్ష్యమైతే వేరే దారి లేదు. కానీ మెత్తదనం, గట్టిదనం తెలుసుకోవడానికి ఒక గాజు గొట్టం, ఒక థర్మామీటర్ చాలు.

నమూనా ఎప్పుడూ ఒకే చోటునుంచి తీయండి. వీపు మీద, ఆఖరి పక్కటెముక దగ్గర, చర్మం కింది కొవ్వు. రొమ్ము కొవ్వు ఎప్పుడూ మెత్తగా, కిడ్నీ కొవ్వు ఎప్పుడూ గట్టిగా ఉంటాయి, వాటిని కలిపితే లెక్క తప్పుతుంది. ఆ ముక్కను సన్నగా తరిగి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మెల్లగా కరిగించి, గుడ్డలో వడకట్టండి. రెండు చివర్లా తెరిచి ఉన్న సన్నటి గాజు గొట్టాన్ని కరిగిన కొవ్వులో ముంచితే దానంతటదే సెంటీమీటరు ఎత్తు ఎక్కుతుంది. దాన్ని ఫ్రిజ్‌లో ఒక రాత్రంతా ఉంచండి. ఈ రాత్రి ఎగ్గొట్టకండి, కొవ్వు పూర్తిగా గడ్డకట్టకపోతే అంకె తక్కువ చూపిస్తుంది.

పొద్దున గొట్టాన్ని థర్మామీటర్ మొన పక్కన రబ్బరు బ్యాండుతో కట్టి, చల్లటి నీళ్లున్న గ్లాసులో కొవ్వున్న చివర మునిగేలా నిలబెట్టండి. నీళ్లను చాలా మెల్లగా, నిమిషానికి అర డిగ్రీ కన్నా వేగంగా పెరగకుండా కదుపుతూ వేడి చేయండి. తెల్లటి కొవ్వు అంచులు ముందు గాజులా పారదర్శకమవుతాయి. కాసేపటికి మొత్తం ముక్క ఒక్కసారిగా జారి పైకి లేస్తుంది. ఆ క్షణాన థర్మామీటర్ చూపించిన అంకే మీ కొవ్వు కరిగే స్థానం. ఒక్కో నమూనాకు మూడు గొట్టాలు పెట్టి సగటు తీసుకోండి. మామూలు బీఫ్‌లో చర్మం కింది కొవ్వు సుమారుగా 35 నుంచి 45 డిగ్రీల మధ్య లేస్తుంది. ఓలెయిక్ సగం దాటే జపాన్ వాగ్యూ రకాల్లో అంతకన్నా చాలా కింద లేస్తుంది. అది జాతి గుణం, దాణాతో దాన్ని అందుకోలేం.

కొత్త దాణా తిన్న పశువునూ, పాత దాణా మీదే వదిలిన పశువునూ పోల్చండి. రెండూ ఒకే జాతి, దగ్గరి వయసు, దగ్గరి బరువు అయి ఉండాలి. ముదిరి బాగా కొవ్వెక్కిన పశువులో ఓలెయిక్ దానంతటదే పెరుగుతుంది, ఆ ఘనత అవిసెకు కట్టబెట్టకూడదు. రెండు మూడు డిగ్రీల తేడా మూడు జతల్లోనూ ఒకేవైపు వస్తే దాణా పనిచేసిందనుకోవచ్చు. తేడా రాకపోతే ముందు జల్లెడ తీసి పేడ కడగండి, తర్వాత నెమరు లెక్కపెట్టండి, ఆ తర్వాత దాణాలో పత్తి గింజలో వాటి చెక్కో ఉందేమో చూడండి. నూనె పెంచాలా అన్న ప్రశ్న ఈ మూడూ అయ్యాకే.